వృద్ధి కారకాలు – జుట్టు రాలడం

ఈ భాగం మొదలుపెట్టే ముందు, ఈ ఉదయం మీరు తల దువ్వుకున్న దువ్వెనను ఒకసారి తీసి చూడండి. దాని పళ్ళ మధ్య నాలుగు వెంట్రుకలైనా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి తల నుంచి కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. అవి ఎందుకు రాలతాయో, వాటి చోట కొత్తవి ఎలా వస్తాయో తెలిస్తే, "గ్రోత్ ఫ్యాక్టర్లతో జుట్టు మొలిపిస్తాం" అనే ప్రకటనలో శాస్త్రం ఎంతో, ఆశ ఎంతో మీరే తేల్చుకోగలరు. కణాలు రసాయన సంకేతాల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని ఇంతకుముందు చదివారు. ఆ విషయాన్నే ఇక్కడ తల మీది జుట్టుకు అన్వయించి చూద్దాం.

నేను పదవీ విరమణ తరువాత ఖమ్మం జిల్లా బోనకల్ దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. మా వైపు ఆడవాళ్ళు దువ్వెనలో ఊడిన వెంట్రుకలను పారేయరు. ఉండ చుట్టి గోడ సందులోనో చూరులోనో దోపి, జుట్టు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు. ఒక విధంగా ఆ ఉండ ఆ ఇంటివాళ్ళ ఆరోగ్యం లెక్క. 2016 వానాకాలంలో డెంగీ బోనకల్ మండలాన్ని, అందులోనూ రావినూతల గ్రామాన్ని, గట్టిగా దెబ్బతీసింది. ప్లేట్‌లెట్లు అనే మాట తెలియని ఇల్లు ఆ ఏడాది మా దగ్గర లేకుండా పోయింది. జ్వరాలు తగ్గాయి, పత్తి తీతలు మొదలయ్యాయి, అప్పుడు మొదలైంది జుట్టు రాలడం. ఆ చలికాలంలో మా వీధిలో జుట్టు ఉండలు గుప్పెడంత అయ్యాయి.

మా తమ్ముడి కూతురు అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. సెప్టెంబరులో డెంగీ వచ్చి తగ్గింది. డిసెంబరులో ఒకరోజు తలస్నానం చేసి ఊడిన జుట్టును పిడికిట్లో పట్టుకొని వచ్చి, "పెదనాన్నా, ఇంకో నెలకు నాకు గుండే" అని ఏడ్చింది. పట్నంలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాం. ఆరు విడతలు గ్రోత్ ఫ్యాక్టర్ల ఇంజెక్షన్లు చేయాలన్నారు. శరీరధర్మశాస్త్రం ముప్పై ఏళ్ళు బోధించిన నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మొదటి రెండు విడతలకు డబ్బు కట్టాను. అడగవలసిన ప్రశ్నలేమిటో చెప్పడానికే ఈ పాఠం రాస్తున్నాను అనుకోండి.

పుటిక జీవితం

వెంట్రుక మొలిచే చిన్న గుంటను రోమ పుటిక అంటాం. మనిషి తల మీద ఇవి సుమారు ఒక లక్ష. మనకు పైకి కనిపించే వెంట్రుక నిర్జీవం, అది కెరటిన్ అనే ప్రోటీన్ పోగు. ప్రాణం ఉన్నది అడుగున. పుటిక అడుగుభాగం ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది. దాని మధ్యలోకి చొచ్చుకొని డెర్మల్ పాపిల్లా అనే చిన్న కణాల ముద్ద ఉంటుంది. పాపిల్లా చుట్టూ ఉన్న మాత్రిక కణాలు విభజన చెందుతూ పైకి నెట్టుకుపోవడమే వెంట్రుక పెరగడం. మాత్రిక కణాలు మన శరీరంలో అతి వేగంగా విభజన చెందే కణాలలో ఉన్నాయి. అందుకే విభజనను ఆపే కాన్సర్ మందులు ముందు తలమీదే ప్రభావం చూపుతాయి. (భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా అటువంటి మందే. దాన్ని వాడే కొందరిలో జుట్టు పలచబడుతుంది.)

ప్రతి పుటికకూ ఒక చక్రం ఉంది. పెరిగే దశను ఎనాజెన్ అంటారు. తలలో అది రెండు నుంచి ఆరేళ్ళు సాగుతుంది, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున వెంట్రుక పొడవవుతుంది. తరువాత రెండు మూడు వారాల కెటాజెన్ దశలో పుటిక కింది భాగం ముడుచుకుపోతుంది. ఆ పైన సుమారు మూడు నెలల విశ్రాంతి దశ, టీలోజెన్. విశ్రాంతి ముగిసి కింద కొత్త వెంట్రుక మొదలయ్యేటప్పుడు పాతది ఊడిపోతుంది. ఏ రోజైనా తలలో 85 నుంచి 90 శాతం పుటికలు ఎనాజెన్‌లోనే ఉంటాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవారికి మళ్ళీ జుట్టు ఎందుకు వస్తుంది? కత్తి తాకింది చర్మం పైనున్న నిర్జీవమైన పోగును మాత్రమే. పుటికకు ఆ సంగతే తెలియదు, తన చక్రంలో తాను ఉంటుంది. కాబట్టి జుట్టు ఊడిందన్నప్పుడు తెలుసుకోవలసింది పుటిక బతికి ఉందా లేదా, బతికి ఉంటే ఏ దశలో ఇరుక్కుంది అన్నది.

కారకం అంటే ఎరువు కాదు

పుటికను ఒక దశ నుంచి మరో దశకు నడిపించే సంకేతాలలో ముఖ్యమైనవి వృద్ధి కారకాలు. ఇవి చిన్న ప్రోటీన్లు. ఒక కణం విడుదల చేస్తే పక్క కణం ఉపరితలం మీద ఉన్న గ్రాహకం వాటిని పట్టుకుంటుంది. ఆ కణం లోపల చర్యల గొలుసు ఒకటి మొదలవుతుంది. పేరులో వృద్ధి ఉంది కాబట్టి ఇవి ఎక్కడ పోస్తే అక్కడ ఏపుగా పెరుగుతుందని, అంటే యూరియా లాంటివని, చాలామంది అనుకుంటారు. వ్యాపారం నడిచేది ఆ అపోహ మీదే. ఒక్క అణువు కథ చెబితే మీకు తేడా తెలుస్తుంది.

అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ మగ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించాడు. మామూలుగా రెండు వారాలకు గాని తెరుచుకోని వాటి కళ్ళు వారం రోజులకే తెరుచుకున్నాయి, పళ్ళు ముందే వచ్చాయి. అందుకు కారణమైన ప్రోటీన్‌ను ఆయన 1962లో వేరుచేశాడు. అదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, ఇ.జి.ఎఫ్. అందులో ఉన్నవి 53 అమైనో ఆమ్లాలే. నాడీ వృద్ధి కారకాన్ని కనుక్కున్న రీటా లెవీ-మోంటాల్చినీతో కలిపి కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ అణువు మన రాష్ట్రంలోనే తయారవుతోంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ జన్యు సాంకేతిక పద్ధతిలో మానవ ఇ.జి.ఎఫ్.ను తయారుచేసి, మధుమేహ రోగుల కాలిపుండ్ల కోసం రీజెన్-డి పేరుతో జెల్ రూపంలో తెచ్చింది. పుండు అంచున ఉన్న చర్మకణాలు విభజన చెంది గాయాన్ని మూయడానికి అది తోడ్పడుతుంది. ఇక్కడ వృద్ధి కారకం పేరుకు తగ్గ పనే చేసింది.

అదే ఇ.జి.ఎఫ్.ను గొర్రెకు ఎక్కిస్తే? ఉన్ని ఊడిపోతుంది! ఇది ఆషామాషీగా చెప్పే మాట కాదు. ఆస్ట్రేలియాలో కత్తెర లేకుండా ఉన్ని తీయడానికి ఈ గుణాన్నే వాడుకున్నారు. గొర్రెకు ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఒంటికి వల తొడుగుతారు. పుటికలలో కణ విభజన కొద్దికాలం ఆగి, పోగు ఆ చోట బలహీనపడి తెగుతుంది. కొన్ని వారాల తరువాత వల విప్పితే ఉన్ని మొత్తం దుప్పటిలా చేతికి వస్తుంది. బయోక్లిప్ అనే ఈ పద్ధతి 1998లో మార్కెట్లోకి వచ్చింది. దీనికి తిరగేసిన సాక్ష్యం కూడా ఉంది. ఇ.జి.ఎఫ్. గ్రాహకాన్ని అడ్డుకునే కాన్సర్ మందులు వాడేవారిలో కొందరికి కనురెప్పల వెంట్రుకలు అసాధారణంగా పొడవుగా పెరుగుతాయి.

ఒకే అణువు కళ్ళు తెరిపించింది, పుండు మాన్పింది, ఉన్ని రాల్చింది. వార్త ఒకటే, అందుకున్న కణం ఏది, అది ఎంత మోతాదులో ఏ దశలో అందింది అన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

బోనకల్ రైతుకు ఇది కొత్త కాదు. మిరపలోనూ పత్తిలోనూ పూత రాలకుండా ప్లానోఫిక్స్ కొడతారు, నాలుగైదు లీటర్ల నీటికి ఒక్క మిల్లీలీటరు. అందులో ఉన్నది ఆక్సిన్ జాతికి చెందిన హార్మోన్. అదే మందును మోతాదు మార్చి ఆపిల్ తోటల్లో ఎక్కువైన పిందెలను రాల్చడానికి వాడతారు. వరిలో కలుపు చంపే 2,4-డి కూడా ఆక్సిన్ లాంటిదే. మొక్కల హార్మోన్లు, జంతువుల వృద్ధి కారకాలు ఒకటి కావు, పరీక్షలో అలా రాయకండి. సంకేతం ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి మాత్రం మిరప చేను మంచి ప్రయోగశాల.

ఇక పుటికలో మిగతా కారకాలు. పాపిల్లా నుంచి వచ్చే ఐ.జి.ఎఫ్.-1, ఎఫ్.జి.ఎఫ్.-7 ఎనాజెన్‌ను నిలబెడతాయి. వి.ఇ.జి.ఎఫ్. పుటిక చుట్టూ కొత్త రక్తకేశనాళికలు ఏర్పడేలా చేస్తుంది. దాన్ని పుటికల్లో ఎక్కువగా తయారుచేసుకునేలా జన్యువు మార్చిన ఎలుకల్లో వెంట్రుకలు లావుగా వచ్చాయని 2001లో తేలింది. ఇవి 'సాగు' అనే సంకేతాలు. 'ఆగు' అనేవీ ఉన్నాయి. టి.జి.ఎఫ్.-బీటా పుటికను కెటాజెన్‌లోకి నెడుతుంది. ఎఫ్.జి.ఎఫ్.-5 కూడా అంతే. ఎఫ్.జి.ఎఫ్.-5 జన్యువు చెడిన ఎలుకలకు, పిల్లులకు, కుక్కలకు బొచ్చు పొడవుగా పెరుగుతుంది, ఎందుకంటే ఆపేవాడు లేడు. అంటే ఒక వృద్ధి కారకం లేకపోవడం వల్ల జుట్టు పెరిగింది. 'గ్రోత్ ఫ్యాక్టర్లు కలిపిన సీరం' అని సీసా మీద కనిపిస్తే ఏ కారకం అని అడగాలనడం అందుకే.

ప్లేట్‌లెట్ల సంచి

క్లినిక్‌లో మా అమ్మాయికి చేసింది పి.ఆర్.పి., అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా. రోగి చేతి నుంచే రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. బరువైన ఎర్ర రక్తకణాలు అడుగుకు చేరతాయి, పైన పసుప్పచ్చని ప్లాస్మా తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న భాగాన్ని తీసి సన్నటి సూదితో తలచర్మంలోకి ఎక్కిస్తారు. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా ఒకటిన్నర లక్ష నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. పి.ఆర్.పి.లో దానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉండేలా చూస్తారు.

ప్లేట్‌లెట్లు రక్తం గడ్డకట్టడానికే అని డెంగీ సమయంలో మనమంతా నేర్చుకున్నాం. వాటి లోపల ఆల్ఫా రేణువులు అనే చిన్న సంచులు ఉంటాయి. గాయమైన చోట ప్లేట్‌లెట్ ఉత్తేజితం కాగానే ఈ సంచులు తెరుచుకొని పి.డి.జి.ఎఫ్., వి.ఇ.జి.ఎఫ్., ఇ.జి.ఎఫ్., టి.జి.ఎఫ్.-బీటా వంటివి బయటికి వస్తాయి. జాబితాను మళ్ళీ చదవండి. 'సాగు' అనేవి, 'ఆగు' అనేవి కలిసే ఉన్నాయి. అది ప్రకృతి గాయం మాన్పడానికి కట్టిన మూట, జుట్టు కోసం కట్టినది కాదు.

అలాగని పి.ఆర్.పి. ఉత్త మోసం అనడం కూడా తప్పే. స్త్రీపురుషులలో వంశపారంపర్యంగా వచ్చే పలచబాటుకు దాన్ని ప్రయోగించి చూశారు. కొన్ని ప్రయోగాల్లో సగం తలకు పి.ఆర్.పి., మిగతా సగానికి ఉప్పునీరు ఎక్కించి లెక్కపెట్టారు. కొన్నింటిలో వెంట్రుకల సాంద్రత పెరిగింది, మరికొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చాలా ప్రయోగాలు కొద్దిమంది మీద చేసినవే. ఒకరు ఒకసారి తిప్పుతారు, ఒకరు రెండుసార్లు. ఒకరు నెలకోసారి సూది వేస్తే మరొకరు ఆరు వారాలకు. ఫలితం వచ్చినవారికి కూడా అది కొన్ని నెలల తరువాత తగ్గుతుంది, మళ్ళీ చేయించుకోవాలి. ఆశ పెట్టుకోదగ్గ పద్ధతే, ఇంకా స్థిరపడని పద్ధతి. నా అభిప్రాయం అంతవరకే.

రాలడం ఒకటి కాదు

మా అమ్మాయికి వచ్చింది వంశపారంపర్య పలచబాటు కాదు. తీవ్రమైన జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, బాగా రక్తం పోవడం వంటివి జరిగినప్పుడు ఎనాజెన్‌లో ఉండవలసిన పుటికలు చాలా భాగం ఒక్కసారిగా పని ఆపి టీలోజెన్‌లోకి వెళ్తాయి. టీలోజెన్ ఎంతకాలమో పైన చదివారు కదా, సుమారు మూడు నెలలు. అందుకే జ్వరం సెప్టెంబరులో, రాలడం డిసెంబరులో. దీన్ని టీలోజెన్ ఎఫ్లూవియం అంటారు. పుటికలు క్షేమంగా ఉంటాయి. ఇంకో ముప్పు లేకపోతే సాధారణంగా ఆరు నెలల లోపు రాలడం దానంతట అదే తగ్గి, కొత్త జుట్టు వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. రాలడం డిసెంబరులో మొదలైంది. ఆరు విడతల వైద్యం జనవరిలో మొదలుపెడితే జూన్‌కు ముగుస్తుంది. జూన్ నాటికి జుట్టు ఎలాగూ వస్తుంది, పేరు ఇంజెక్షన్‌కు వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే కాకి బలం అనుకున్నట్లు. క్లినిక్ గోడ మీది 'ముందు–తరువాత' ఫొటోల్లో అబద్ధం ఉండనక్కర లేదు, ఫొటో నిజమే అయినా ఏ వైద్యమూ చేయించుకోని మరో మనిషి ఫొటో పక్కన లేకపోతే అది దేన్నీ నిరూపించదు. ప్రయోగంలో నియంత్రిత సమూహం ఎందుకు అని అడిగితే విద్యార్థులు నిర్వచనం అప్పజెబుతారు. నేనూ ఏళ్ళ తరబడి అప్పజెప్పినవాణ్ణే.

రెండో విడత తరువాత మాకు తెలిసిన ఒక చర్మవైద్యురాలు రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ తొమ్మిది. రక్తహీనత ఉన్న పిల్ల నుంచి రెండుసార్లు రక్తం తీయించి, దాన్నే తలకు ఎక్కించాం! ఐరన్ మాత్రలు, పప్పు, గుడ్డు, ఆకుకూర. ఇంజెక్షన్లు మానేశాం. ఉగాది దాటేసరికి నుదుటి మీద చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకొని కనిపించాయి.

పురుషులలో నుదుటి పక్కల, నడినెత్తిన వచ్చే బట్టతల వేరు. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్ ప్రభావంతో పాపిల్లా కణాలు టి.జి.ఎఫ్.-బీటా వంటి 'ఆగు' సంకేతాలు విడుదల చేస్తాయి. చక్రం చక్రానికీ ఎనాజెన్ కురచబడి, పుటిక చిక్కిపోయి, నూగు మాత్రమే మిగులుతుంది. ఆ హార్మోన్ పని చేస్తూనే ఉంటే, పైనుంచి 'సాగు' కారకాలు పోయడం ఎద్దును అదిలిస్తూ పగ్గం లాగినట్లే. అందుకే ఇందులో ముందు వాడేవి వేరు. మినాక్సిడిల్ రక్తపోటు మందుగా వచ్చి, ఒంటి మీద వెంట్రుకలు మొలిపించి ఆశ్చర్యపరిచింది. తలకు రాసే మందుగా 1988లో అమెరికా అనుమతి పొందింది. అది పాపిల్లా కణాలలో వి.ఇ.జి.ఎఫ్.ను పెంచుతుందని ప్రయోగశాలలో చూశారు. అంటే వృద్ధి కారకాన్ని బయటి నుంచి తేకుండా, ఇంట్లోనే వండించినట్లు. ఫినాస్టిరైడ్ డైహైడ్రోటెస్టోస్టిరాన్ తయారీని తగ్గిస్తుంది, పురుషుల బట్టతలకు 1997లో అనుమతి వచ్చింది. గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీలు దాన్ని వాడకూడదు.

పేనుకొరుకుడు మరొక దారి. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా జుట్టు పోయే ఈ స్థితికి పేనుకు సంబంధం లేదు. మన రోగనిరోధక కణాలే పుటిక మీద దాడి చేస్తాయి. దాడిని తగ్గించాలి గాని, దాడి మధ్యలో కారకాలు పోస్తే లాభం తక్కువ. ఇక కాలిన చోట, మచ్చకట్టిన చోట పుటికే ఉండదు. సంకేతం అందుకునే ఇల్లు లేనప్పుడు ఉత్తరం ఎవరికి?

సీసా మీద రాసింది చదవడం

చర్మం ఒక గోడ. సుమారు 500 డాల్టన్ల అణుభారం దాటిన పదార్థాలు దాన్ని దాటడం కష్టం. మినాక్సిడిల్ అణుభారం 209, దూరిపోతుంది. ఇ.జి.ఎఫ్. అణుభారం దాదాపు 6,000. వి.ఇ.జి.ఎఫ్. 40,000 పైన. కాబట్టి వృద్ధి కారకాల సీరాన్ని తలకు రుద్దితే చాలా భాగం రుద్దిన చోటే ఉంటుంది. ఈ ఇబ్బంది తెలిసే చర్మానికి సన్నటి సూదులతో రంధ్రాలు చేసి పోసే పద్ధతి తెచ్చారు. సూది వచ్చిన చోట శుభ్రత ప్రశ్న వస్తుంది. అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక సౌందర్యశాలలో ముఖానికి పి.ఆర్.పి. సూదులు వేయించుకున్న ముగ్గురు మహిళలకు హెచ్.ఐ.వి. సోకిందని ఆ దేశ వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో ప్రకటించింది. రక్తం తీసే గొట్టం, సూది మీ కళ్ళముందు విప్పమని అడగడానికి మొహమాటపడకండి.

ఎలుక మీద పనిచేసిందన్న మాటనూ జాగ్రత్తగా వినాలి. ఎలుక వీపు మీది పుటికలు ఒకే దశలో, అలలు అలలుగా కదులుతాయి. మన తలలో పక్కపక్కనే ఉన్న రెండు పుటికలది చెరో దారి. ఎలుక వీపు మొత్తాన్ని లేపిన సంకేతం మన తలలో పది శాతాన్ని కూడా లేపకపోవచ్చు. జుట్టు రాలడానికి మందుగా ఏ వృద్ధి కారకానికీ ఈ పాఠం రాసే నాటికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి లేదు. ఎక్సోజోములకు కూడా లేదు. ఎప్పుడో కాన్సర్ వచ్చి తగ్గినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, కొత్త రక్తనాళాలు కణితికీ కావాలి కదా. వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకోవడానికే తయారైన కాన్సర్ మందులు ఉన్నాయి.

కృత్యం

వారానికి ఒకరోజు, తలస్నానానికి ముందు, తెల్లటి గుడ్డ పరచి తల వంచి ఒక్క నిమిషం దువ్వండి. రాలిన వెంట్రుకలు లెక్కపెట్టి తేదీ వేసి రాసుకోండి. దువ్వెన మార్చకండి, రోజు మార్చకండి. ప్రతి వెంట్రుకకు ఒక కొన చూడండి. తెల్లటి చిన్న గుండు ఉంటే అది టీలోజెన్ వెంట్రుక, కాలం తీరి ఊడినది. గుండు లేకుండా మొద్దుగా తెగి ఉంటే వెంట్రుక మధ్యలో విరిగిందని అర్థం, అది దువ్వెనదో రంగుదో తప్పు. పక్క గడిలో, మూడు నెలల వెనక్కి వెళ్ళి, ఇంట్లో జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఉపవాసం ఏదైనా జరిగిందా అని రాయండి. ఎనిమిది వారాల లెక్క పూర్తయ్యాక ఆ కాగితాన్ని సంపర్క తరగతికి తీసుకురండి. మా అమ్మాయి అటువంటిది తరువాత ఒకటి రాసింది. మొదటి వారం 61, ఎనిమిదో వారం 14. ఆ మధ్యలో ఆమె వాడింది ఐరన్ మాత్రలు ఒక్కటే.